సగం ముఖం సాక్ష్యం

పదకొండింటికి ఇంటర్వ్యూ. ఉదయం ఎనిమిదింటికి రికార్డుల గుమాస్తా అద్దంలో చూసుకుంటే, పది రోజుల జ్వరం ఆమె ముఖాన్ని ఇంకా ఖాళీ చేసి వెళ్లినట్టు లేదు. కళ్ల కింద నలుపు, లోపలికి పోయిన బుగ్గలు, పాలిపోయిన పెదాలు. బీమా కంపెనీలో పద్నాలుగేళ్లుగా ఫైళ్లతో కుస్తీ పడుతున్న మనిషి. సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీ అవడం ఇది రెండోసారి. మొదటిసారి "మనిషి నీరసంగా ఉంది, బాధ్యత మోయలేదు" అని పక్కన పెట్టేశారు. ఈసారి కూడా ఆ మాటే వింటే ఇక ఆ మెట్లెక్కే ఓపిక తనకుండదని ఆమెకు తెలుసు.

"మీ చెల్లి ఇచ్చిన మేకప్ పెట్టె తియ్యి" అన్నాడు భర్త.

"నాకు చేతకాదండీ. వేసుకుంటే నాటకంలో వేషంలా ఉంటుంది."

"నువ్వెందుకు? నేను వేస్తాగా."

ఆయన కార్ల షెడ్డులో రంగుల మేస్త్రీ. గీత పడ్డ కారును ఆయన చేతికిస్తే, ఆ తర్వాత గీత ఎక్కడ పడిందో ఓనరు కూడా చూపించలేడు. "రంగేసినట్టు తెలియకుండా రంగేయడమే కదా నా పని! డోరైతేనేం, ముఖమైతేనేం?" అంటూ చేతులు కడుక్కొచ్చాడు.

ముందు ట్యూబులైటు ఆర్పేసి ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. రంగు పగటి వెలుతురులోనే కలపాలట. సాసరు మీద రెండు రకాల ఫౌండేషన్ కలిపి, దవడ పక్కన చుక్క పెట్టి, ఆరేదాకా ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ కలిపాడు. మూడోసారికి ఆ చుక్క చర్మంలో కలిసి మాయమైంది. నుదుటిని ముట్టుకోలేదు. నలుపున్న చోట మాత్రమే ఉంగరం వేలితో అద్ది, అంచులు ఎక్కడ ఆగాయో తెలియకుండా లాగాడు. బుగ్గలకు కాస్త గులాబీ రంగు పూసి, పూసినదాంట్లో సగం తుడిచేశాడు. గడ్డం మీది పుట్టుమచ్చను అలాగే వదిలేశాడు.

"ఒకచోటైనా అసలుది కనబడాలి. అప్పుడే మిగతాది నమ్ముతారు" అన్నాడు.

చివర్లో రంగు చెదరకుండా కొట్టే స్ప్రే. ఒక్కసారి చాలని సీసా మీద రాసుంది. ఆయన షెడ్డు అలవాటు కొద్దీ, ఆరబెట్టి ఆరబెట్టి నాలుగు పూతలు కొట్టాడు.

అద్దంలో మేకప్ లేదు, జ్వరమూ లేదు. కమ్మగా నిద్రపోయి లేచిన తన ముఖమే ఉంది. గోళ్ల సందుల్లో నీలి రంగు మిగిలిన ఆ వేళ్లను చూస్తూ, పన్నెండేళ్లు కాపురం చేసి కూడా ఈ మనిషిలోని ఇంత పనితనాన్ని గమనించలేదే అని ఆమె నొచ్చుకుంది, మురిసిపోయింది.

ఆ మురిపెం ఆఫీసు గేటు దాకానే.

"ఎక్కడికెళ్లొచ్చారమ్మా? మనిషి భలే తేరుకున్నారు!" అన్నాడు వాచ్‌మన్. లిఫ్టులో టైపిస్టు "గాలి మార్పు బాగా పడినట్టుంది" అంది. అదే కుర్చీ మీద కన్నేసిన మీసాలాయన పక్కనే ఉన్నాడు. పదింటికి ఆఫీసు పుకార్లలో ఆమె సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చింది. పదింపావుకు అది కొండ మీది హోటలైంది. పదిన్నరకు మేనేజరు పిలిచాడు.

"జ్వరమని పది రోజులు సెలవు పెట్టావు. జ్వరమొచ్చిన మనిషి ఇలా ఉంటుందా అమ్మా?"

"డాక్టరు చీటీ ఇచ్చాను కదండీ!"

"చీటీలు ఎలా వస్తాయో నాకూ తెలుసు. దొంగ సెలవైతే ఇంటర్వ్యూకి పంపించలేను."

"సార్, ఇది మేకప్ సార్!"

టైపిస్టు, టెలిఫోను ఆపరేటరు ఆమెను వెలుతురులోకి లాగి ముక్కూ చెవీ వదలకుండా చూశారు. తడి రుమాలుతో తుడిచారు. రుమాలు శుభ్రంగా ఉంది. ఆమె పరుగున వెళ్లి సబ్బు పెట్టి పరపరా రుద్దుకుంది. నాలుగు పూతల స్ప్రే మీంచి నీళ్లు జారిపోయాయే తప్ప రంగు కదల్లేదు. రుద్దిన రుద్దుడికి బుగ్గలు ఎర్రబడి, ముఖం ఇంకా కళకళలాడుతూ బయటికొచ్చింది.

"చూశారా సార్!" అన్నాడు మీసాలాయన.

ఆమె ఏడుపు దిగమింగుకుని భర్తకు ఫోను చేసింది. షెడ్డు వెనక వీధిలోనే. ఆయన రంగుల చొక్కాతోనే ఊడిపడ్డాడు.

"నువ్వు మేకప్ వేశావట. మాకెవరికీ కనబడటం లేదు" అన్నాడు మేనేజరు.

మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. "ఎవరికీనా సార్?"

"ఎవరికీ."

"ఇంకొక్కసారి అనండి సార్."

"ఏవండీ! ఇక్కడ నా కొంప మునుగుతోంది!"

ఆయనకప్పుడు సంగతి అర్థమైంది. తన జీవితంలోకెల్లా గొప్ప పనిని తన చేత్తోనే చెరిపేయాలి. జేబులోంచి మేకప్ తుడిచే క్రీము, దూది తీశాడు. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎడమ సగం మాత్రం తుడిచి ఆపేశాడు. "కస్టమరుకి తేడా తెలియాలంటే సగమే తీయాలి సార్."

కుడివైపు ఆరోగ్యం, ఎడమవైపు పది రోజుల జ్వరం. మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. మీసాలాయన మీసాలు సవరించుకోవడం మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడే, ఇంటర్వ్యూ చేయడానికి హెడ్డాఫీసు నుంచి వచ్చిన డైరెక్టరమ్మ పక్క గదిలోంచి బయటికొచ్చింది. సోకులు చేసుకొచ్చే ఉద్యోగులంటే మండిపడుతుందని పేరున్న మనిషి. ఆ వయసులోనూ పూతా మెరుగూ లేకుండానే ముఖం అంత తాజాగా ఉంటుందని అందరూ చెప్పుకుంటారు. మేస్త్రీ ఆమెను చూసి నోరు తెరిచాడు.

"అమ్మా! ఎవరి పనమ్మా ఇది? అద్భుతం!"

కుర్చీ పోయినట్టేనని గుమాస్తా కళ్లు మూసుకుంది.

"కనబడుతోందా?" అని మెల్లగా అడిగింది డైరెక్టరమ్మ.

"మామూలు వాళ్లకి కనబడదమ్మా. ఆ దవడ అంచు చూశాను. అంత పని నా వల్ల కూడా కాదు."

డైరెక్టరమ్మ చేత్తో దవడ అంచు తడుముకుంది. "ఇరవై ఏళ్లుగా రోజూ నలభై నిమిషాలు వేసుకుంటున్నాను. మెచ్చుకున్నది నువ్వొక్కడివే" అంది. ఆ గొంతులో తడి అందరికీ వినిపించింది.

తర్వాత గుమాస్తాను లోపలికి పిలిచి, ముఖం సంగతి ఎత్తకుండా గంటసేపు ప్రశ్నల వర్షం కురిపించింది. ఫైళ్లన్నీ నోటికొచ్చిన గుమాస్తా ఒక్కదానికీ తడబడలేదు. చివర్లో డైరెక్టరమ్మ మేనేజరును పిలిచింది.

"కుడివైపు నుంచి చూసినా, జవాబులు విన్నా ఈమే సెక్షన్ హెడ్. ఎడమవైపు నుంచి చూస్తే ఇంకో వారం సెలవు కావాలి. రెండూ ఇచ్చేయండి."

మేనేజరు ఆ సెలవు కాగితం ముందు పెట్టుకుని, కారణం అన్న గడి దగ్గర చాలాసేపు ఆలోచించి, "ఎడమవైపు" అని రాశాడు.