ఫినాయిల్ గిలక

ఆ రోజు పొద్దున కురుమూర్తి రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, చీర కొంగు నేయడం. రెండు, ఇంట్లో ఫినాయిల్ దుబారా కాకుండా ఉపాయం చేయడం. మొదటి పనంటే ఆయనకు భయం. అందుకే రెండోదానితో మొదలుపెట్టాడు.

గద్వాలలో వాళ్ల వీధికి మరుగుదొడ్లు వచ్చి ఏడాదే అయింది. స్థలం ఇరుకు కావడంతో వాళ్ల దొడ్డిని మగ్గం గదికి ఆనించి కట్టారు. మధ్యన ఒకటే గోడ. పట్టుకు వాసన అంటుకుంటుందేమోనని ఆయన భార్య అలివేలుకు బెంగ. ఎవరు పోయి వచ్చినా వెనకాలే వెళ్లి సీసా గుడగుడమని వంచేది. సీసా నాలుగు రోజులు ఆగేది కాదు.

"గట్ల గుమ్మరిస్తే ఎట్లనే? మూతెడు చాలు."

"చెయ్యి ఆగదయ్యా. జర ఎక్కువ పడితే ఏమైతది?"

"ఇగ నీ చెయ్యితోని పనే లేదు. తలుపే పోస్తది."

పాత మగ్గం గిలక ఒకటి, నూలు చుట్టే కండె ఒకటి, కొంత తాడు తెచ్చాడు. సీసాను గోడకు తలకిందులుగా బిగించి, మూతికి కండెను బిరడాగా పెట్టాడు. తలుపు తెరిస్తే తాడు బిరడాను లాగుతుంది, మూతెడు ఫినాయిల్ జారుతుంది. బిరడా మళ్లీ బిగుసుకోవడానికి ఒక బరువు కావాలి. దొడ్డిలో దానికి చోటు లేదు. గోడకు బెజ్జం పొడిచి, తాడును మగ్గం గదిలోకి తెచ్చి, మగ్గం మీద బొమ్మల అట్టలు తిప్పే జకార్డు పక్కన ఇటుక ముక్క వేలాడదీశాడు. సీసాలో ఎంత మిగిలిందో కనబడటానికి ఒక అద్దం కూడా అమర్చాడు.

"అది మగ్గం కింది అద్దం గద? అది లేకుంటే కొంగు ఎట్ల చూస్తవ్?" అంది అలివేలు. కొంగులో బొమ్మల ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడు వాటిని అద్దంలోనే చూసుకోవాలి.

"ముప్పయి ఏండ్ల చెయ్యి. చూసేదేముంది?"

చూసేది చాలా ఉందని ఆమెకు తెలుసు. సావుకారి గోపాలయ్య కిందటి రెండు చీరలు తిప్పి పంపాడు. ఇదీ బాగా రాకపోతే ఇక పట్టు ఇవ్వనన్నాడు. అట్లయితే మరమగ్గాల పనికి భివండి పోతానని కురుమూర్తి అటక మీది ట్రంకుపెట్టె దించి పెట్టుకున్నాడు.

అలివేలు తమ్ముడు నాగన్న భివండి పోయి ఆరేళ్లయింది. మొదట నెలకో ఉత్తరం వచ్చేది. తర్వాత పండక్కొకటి. ఇప్పుడు పోస్టుమాన్ వీళ్ల ఇంటి ముందు సైకిలు దిగనే దిగడు. అప్పటి నుంచి ఆమెకు మగ్గం చప్పుడే ధైర్యం. తక్, తక్ అని వినిపిస్తున్నంతసేపు మనిషి ఇంట్లో ఉన్నట్టే. మధ్యాహ్నం ఆ చప్పుడుకే కునుకు పట్టేది. పట్టుపోగులు నీళ్లలా కదులుతున్నట్టు, ఆ నీళ్లు దాటి తమ్ముడు వస్తున్నట్టు ఉండేది. ఎప్పుడూ సగం దాకానే వచ్చేవాడు. చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేది.

మర్నాడు అయిజ నుంచి కురుమూర్తి అక్క జోగమ్మ దిగింది. ఏదో పెళ్లిలో పోలెలు, అవే బొబ్బట్లు, తెగ తిని కడుపు చెడగొట్టుకుంది. చెంబుతో లోపలికి పోయినామె బయటికి రాబోతూ కేక పెట్టింది.

"ఓ అలివేలూ! తలుపు తీస్తే దానంతటదే పోసింది! దయ్యమా ఏంది?"

"దయ్యం కాదు వదినా, నీ తమ్ముడు."

ఆ రోజు జోగమ్మ కడుపు ఆమెను తొమ్మిదిసార్లు పంపింది. కడుపు పంపకపోయినా చూడటానికి ఇంకో నాలుగుసార్లు పోయింది. సంగతి వీధంతా పాకింది. ఎదురింటి బుజ్జమ్మ వచ్చింది. ఆమె వెనక మరో పదిమంది వచ్చారు. కొంగు నేసేటప్పుడు తనను పలకరించొద్దని కురుమూర్తి చెప్పి ఉన్నాడు. అందుకని అలివేలు నోటి మీద వేలుంచుకొని, ఒక్కొక్కరినీ గుళ్లోకి పంపినట్టు పంపింది.

"నీ మొగడు ఇంజినీరు కావాల్సినోడే" అంది బుజ్జమ్మ.

చాలా నెలల తర్వాత ఆయన్ను ఒకరు మెచ్చుకున్నారు. అలివేలు కళ్లు చెమర్చాయి. "మల్లొకసారి తియ్యి బుజ్జక్కా, మంచిగ చూడు" అంది.

నెల రావాల్సిన సీసా రెండు రోజుల్లో ఖాళీ అయింది. "దుబార చెయ్యదని చూపించనీకె అంత పాయె" అంది జోగమ్మ. అలివేలు కొత్త సీసా తెప్పించింది. గోడ అవతల మగ్గం కలలో నడిచినట్టు నడుస్తూనే ఉంది.

నాలుగో రోజు కురుమూర్తి చీర కోసి తిరగేశాడు. కొంగులో ఐదు వరుసల హంసలు. వాళ్లిద్దరే ఇంట్లో ఉన్న రోజు నేసిన రెండు వరుసలు, ముక్కులు కాస్త మొండిగా ఉన్నా, నిలబడ్డాయి. మూడో వరుసకు సగం కాళ్లే ఉన్నాయి. నాలుగు, ఐదు వరుసలకు కాళ్లే లేవు.

ఆయన అరవలేదు. "నా చెయ్యి పోయింది అలివేలూ" అన్నాడు. "మధ్యాహ్నం రాయచూరు బస్సెక్కి భివండి పోత."

అలివేలు ధోవతి మడిచి పెట్టెలో పెట్టింది. మడత సరిగా లేదని తీసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. ధోవతి పెట్టెలోకి పోకపోతే బస్సు కదలదని ఆమెకు అనిపిస్తూ ఉంది. కురుమూర్తి అరుగు మీద కూర్చుని చెప్పుల వంక చూస్తున్నాడు.

మగ్గం తక్ మంది.

మనసు మార్చుకున్నాడనుకుని అలివేలు పరుగెత్తింది. ఆయన కూర్చుని నేసే మగ్గం గుంత ఖాళీగా ఉంది. జకార్డు మీద అట్టలు మాత్రం ఇంకా ఊగుతున్నాయి. పక్కనే ఇటుక కూడా ఊగుతోంది. గోడ అవతల జోగమ్మ తనలో తాను నవ్వుకుంటోంది. అలివేలు ఇటుకను పైకెత్తి వదిలింది. అది దిగుతూ జకార్డును తోసింది. తక్. ఒక అట్ట ముందుకు దూకింది.

"ఏమయ్యో! పోయింది నీ చెయ్యి గాదు! నీ ఇటుక!"

కురుమూర్తి వచ్చి ఇటుకను చూశాడు, అట్టలను చూశాడు. ఒక్కో అట్టకు ఒక్కో వరుస పోగు. దూకిన అట్టలే హంసల కాళ్లు.

"మరి ఇన్నిసార్లు తలుపు తీసిందెవరు?"

అలివేలు ఊగుతున్న ఇటుకను చేత్తో పట్టి ఆపింది. "నేనే తీపిచ్చిన. నిన్ను మెచ్చుకుంటుండ్రని."

ఆయనకు కోపం రాలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది. "తెలిస్తే ఏం లాభం? హంసలకు మల్ల కాళ్లు మొలుస్తయా?" అని పెట్టె దగ్గరికి నడిచాడు.

అప్పటికే గోపాలయ్య గడప దాటి వచ్చి, చీరను వెలుగులోకి పట్టుకుని ఉన్నాడు. చాలాసేపు చూశాడు.

"ఎవని బుర్రరా ఇది?"

"సావుకారీ, జర తప్పు..."

"తప్పేందిరా? పైన ఒడ్డు మీద నిలబడ్డయి. గీడ మెల్లగ నీళ్లల్ల దిగుతున్నయి. ఇగో, ఈదుతున్నయి! నలభై ఏండ్ల సంది చూస్తున్న, ఒక్క హంస కూడ నీళ్లల్ల దిగలె. గిట్లనే పది చీరలు కావాలె. ఒక్క పోగు తేడా రావొద్దు. పట్టు రేపు పంపుత."

ఆయన వెళ్లాక కురుమూర్తి గోడకు చేరగిలబడ్డాడు. "ఏ వరుసకు తలుపు ఎన్నిసార్లు తీసిండ్రో ఎవరికి తెలుసు?"

అంతలో జోగమ్మ సంచితో వచ్చింది. "నా కడుపు కుదిరింది. పోయే ముందల మిషన్ ఇంకోసారి చూసి వచ్చిన. ఇగ అయిజ పోత."

అలివేలు ఆ సంచిని అందుకుని, ట్రంకుపెట్టెలో పెట్టి, మూత వేసి, దాని మీద కూర్చుంది. "ఎవ్వరూ ఏడికీ పోయేది లేదు. పది చీరలయ్యేదాక ఉండు వదినా."

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, పోలెలకు శనగపప్పు నానబెట్టింది.