బంధువులతో తూచిన వ్యాన్

ఆ శనివారం ఉదయపు కార్యక్రమం చాలా చిన్నది. లెక్కల బావ తన భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకుని పాత వాహనాల దుకాణానికి వెళ్ళాలి, అక్కడున్న నీలం వ్యాన్‌ను పరీక్షించాలి, నచ్చితే తీసుకుని భోజనాల వేళకు ఇల్లు చేరాలి. ఋజువు లేనిదే ఏ మాటనూ ఒప్పుకోడు గనుక కుటుంబంలో అందరికీ ఆయన లెక్కల బావ. అత్తగారికి మాత్రం లెక్కల అల్లుడు. వృత్తి, పెద్ద భవనాల కిటికీ అద్దాలు కడగడం.

ఒక కొత్త కార్యాలయ భవనంవారు ఆయనకు ఏడాది పొడవునా పని ఇస్తామన్నారు. అయితే నీళ్ళు ఆయనే తెచ్చుకోవాలి, సోమవారమే మొదలుపెట్టాలి, లేకపోతే పాత మనిషినే పిలుచుకుంటామని కూడా అన్నారు. ఆ ఉత్సాహంలో బావ తాను చేస్తున్న కొలువుకు అప్పుడే స్వస్తి చెప్పేశాడు. ఇప్పుడు వ్యాన్ దొరక్కపోతే ఆ పనీ లేదు, ఈ పనీ లేదు.

అన్ని అద్దాలకు ఎనిమిది వందల లీటర్ల నీరు కావాలి. లీటరు నీరు కిలో తూగుతుంది. ప్రకృతి తనకోసమే ఇంత సులువైన లెక్క పెట్టిందని బావ మురిసిపోయేవాడు. తొట్టె, పంపు, గొట్టాలు, ఇద్దరు మనుషులు కూడా కలిస్తే మొత్తం వెయ్యి కిలోలు.

"వెయ్యి నిక్షేపంగా మోస్తుందండీ," అన్నాడు దుకాణదారు.

"మీకెలా తెలుసు?"

"తయారుచేసినవాళ్ళు చెప్పారు."

"చెప్పడం వేరు, మొయ్యడం వేరు."

బరువు ఎక్కించి చూద్దామంటే దుకాణంలో తొట్టె నింపేటన్ని నీళ్ళు లేవు, ఇసుక బస్తాలు లేవు. మధ్యాహ్నానికి మొక్కల వ్యాపారి ఒకాయన అదే వ్యాన్ కోసం వస్తున్నాడట. బావ బుర్ర గోక్కున్నాడు. అప్పుడు బావమరిది నోరు విప్పాడు.

"మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళేనని నువ్వేగా అంటావు బావా. మనవాళ్ళని ఎక్కిస్తే సరి."

ఆ తర్కంలో బావకు ఏ లోపమూ కనిపించలేదు. ఆ రోజు జరిగినదంతా అక్కడే మొదలైంది.

తూకపు రాళ్ళుగా వాడుకుంటామంటే ఎవరూ రారు గనుక, బావమరిది అందరికీ ఫోన్ చేసి, వ్యాన్ కొంటున్నాం, ఉన్నపళంగా రమ్మన్నాడు. వ్యాన్ అనగానే వాళ్ళకు విహారయాత్ర స్ఫురించింది. అత్తగారు అన్నం డబ్బాలతో, పెదమామ మడత కుర్చీతో, మరదలు రెండు పెట్టెలతో, తక్కినవాళ్ళు చాపలతో, దిండ్లతో దిగారు. అంతమంది ఒక్కసారిగా గేటు తోసుకు రావడం చూసి, తగవుకు వచ్చారనుకుని దుకాణదారు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఆయనను బయటికి రప్పించడానికి కొంతసేపు పట్టింది.

బావ ఒక్కొక్కరినీ బరువెంతని మర్యాదగా అడిగి, నోటిలెక్కన కూడుకుంటూ లోపలికి ఎక్కించాడు. మొత్తం వెయ్యి దగ్గర ఆగింది. ఆగనిది వ్యాన్ తోక. అది కిందికి, ఇంకా కిందికి దిగి, నేలకు బెత్తెడు ఎత్తున నిలిచింది. ముందు సీట్లో కూర్చున్న బావమరిదికి ఆకాశం తప్ప మరేమీ కనిపించడం లేదు.

"మీ వ్యాన్ మోసం," అన్నాడు బావ.

దుకాణదారుకు పౌరుషం వచ్చింది. "వ్యాన్‌లో తప్పు లేదండీ. ఎక్కినవాళ్ళు చెప్పిన లెక్కలోనే ఏదో ఉంది."

"ఏమన్నాడమ్మా ఆయన?" అని వ్యాన్ లోపలినుంచి అత్తగారి గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది.

ఇప్పుడు బావ ముందున్నవి రెండే దారులు. వ్యాన్ చెడ్డదంటే ఉపాధి పోతుంది. మంచిదంటే అత్తగారు అబద్ధమాడినట్టు తేలుతుంది. భార్య ఆయన చెవి దగ్గరికి వచ్చింది. "ఏమండీ, మా అమ్మ ముందు నోరు జారారో, ఆ వ్యాన్‌లోనే కాపురం పెట్టుకోండి."

గొడవ ముదిరేలా ఉందని బావమరిది బండి కదిలించాడు. వ్యాన్ ముందుకు ఉరికితే బంధువులందరూ ఒక్క కెరటంలా వెనక్కి పోయారు. బ్రేకు వేస్తే అదే కెరటం ముందుకొచ్చింది. తొట్టెలో అడ్డుపలకలు లేకపోతే నీరు ఎలా ప్రవర్తిస్తుందో వెనకే పరుగెత్తుతున్న బావకు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. రెండో కెరటానికి పెదమామ మడత కుర్చీతో సహా బావమరిది వీపు మీదికి వచ్చాడు. బండి వీధి దాటి, ఎదురుగా ఉన్న పాత ఇనుము దుకాణంవారి లారీ కాటా మీదికెక్కి ఆగింది. వీధికంతటికీ కనిపించే పలక మీద ఎర్రటి అంకెలు వెలిగాయి.

ఖాళీ వ్యాన్ బరువు తీసేస్తే, లోపలున్నది పద్నాలుగు వందల కిలోలు.

జీవితంలో ఏనాడూ పరికరాన్ని కాదని మనిషిని సమర్థించని బావ, భార్య ముఖం చూసి, "ఈ కాటా చెడిపోయింది," అన్నాడు.

"కాటాకేం రోగం?" అంటూ అత్తగారు తలుపు తోసుకుని దిగారు. "నేను చెప్పింది నా పెళ్ళినాటి బరువు బాబూ. ఆ తరవాత ఎవరు తూచారు గనక?"

ఆవిడ దిగగానే వ్యాన్ తోక లేచింది, పలక మీద అంకెలు జారాయి. "చూశావా నా మహిమ," అన్నారావిడ. అంతే, పెదమామ దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాడు. తాను దిగితే వ్యాన్ ఎంత లేస్తుందో చూడమని అందరూ పోటీలు పడ్డారు. దాచుకున్న బరువులన్నీ బిరుదులైపోయాయి. మరదలు దిగినప్పుడు తోక కదలనే లేదని పాపం ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. పెట్టెలు కూడా దించుకుని ఊరట పొందింది. ఆ కోలాహలంలో, ఖాళీ వ్యాన్ బరువు పోను, లోపలి బరువు వెయ్యికి దిగింది. బావ వంగి చూశాడు. వ్యాన్ తిన్నగా, నిశ్చలంగా నిలబడి ఉంది.

మొక్కల వ్యాపారి వచ్చేసరికి వ్యాన్ బావ సొంతమైంది. యాత్ర ఉందని వచ్చినవాళ్ళను ఇంటికి పొమ్మనడం కుదరక, వెయ్యి కిలోలు మించకుండా విడతలు విడతలుగా ఊరి చివరి తోటకు చేర్చాడు. సోమవారం ఉదయం అడ్డుపలకలు బిగించిన తొట్టెలో ఎనిమిది వందల లీటర్లు నింపి, ఎందుకైనా మంచిదని ముందుగా కాటా మీదికి వెళ్ళాడు. కిలో తేడా రాలేదు.

నీరు పెళ్ళినాటి లెక్క చెప్పదు.