కేంద్రకం వదలని ప్రోటీన్

ఆ ఉదయం తొందరమ్మ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి ల్యాబుకెళ్ళి మూడు గిన్నెల్లో పెంచిన కణాలు చూసుకోవడం, మధ్యాహ్నానికి అక్క ఇంట్లో భోజనానికి కూర్చోవడం. ఆ పరిశోధకురాలి అసలు పేరు ల్యాబులో ఎవరికీ గుర్తులేదు.

ఆమె పరిశోధిస్తున్న ప్రోటీన్ మామూలుగా కణం మధ్యనుండే కేంద్రకంలో అడుగుపెట్టదు, బయటి ద్రవంలోనే తిరుగుతుంటుంది. కణానికి ఆకలేస్తేనే కేంద్రకం గోడకున్న రంధ్రాల్లోంచి లోపలికెళ్తుంది. అందుకు కావలసిన అనుమతిపత్రం లాంటి ముక్క దాని ఒంట్లోనే ఉందని కనిపెట్టి పేరు తెచ్చుకున్నది ఆమె ప్రొఫెసరుగారే. తొందరమ్మ ఆ ప్రోటీన్‌కి ఆకుపచ్చ వెలుగు తగిలించింది, కేంద్రకాలకి నీలం రంగు వేసింది.

మైక్రోస్కోపు దగ్గర ఆకుపచ్చ బొత్తాం నొక్కి తెర చూసింది. ఆకలి కణాల్లో వెలుగంతా కేంద్రకంలోనే ఉంది, సరే. కడుపు నిండిన కణాల్లోనూ అక్కడే! అనుమతి ముక్క కత్తిరించేసిన మూడో గిన్నెలోనూ అక్కడే!

"సార్, కొంప మునిగింది! అనుమతి లేకుండానే లోపలికి దూరిపోయింది!" అంది ఫోన్లో.

"ఎవరమ్మా? సెక్యూరిటీని పిలిచావా?"

"మన ప్రోటీన్ సార్!"

ప్రొఫెసరుగారు కాలికో రకం చెప్పుతో పరుగెత్తుకొచ్చారు. తెర చూశారు. వెంటనే నేరుగా డైరెక్టరుగారికే ఫోన్ చేసి చెప్పేశారు, ఇరవయ్యేళ్ళుగా తప్పు పాఠం చెప్పానని. పదకొండింటికల్లా ఆ చిన్నగది మనుషులతో కిక్కిరిసింది. ఆయనకెప్పుడూ పోటీగా ఉండే పక్క ల్యాబు పెద్దాయన ముందు వరసలో నిలబడి, "సైన్సులో ఇవన్నీ మామూలేనండీ" అని ఓదార్చారు, నవ్వు మీసాల్లో దాచుకుంటూ.

ఈలోగా మైక్రోస్కోపు బాగోగులు చూసే టెక్నీషియన్ ఇంకో గిన్నె పెట్టాడు. అందులోనూ కేంద్రకాలు ఆకుపచ్చగా ధగధగలాడాయి.

"దీన్లోనూ దూరింది బాబాయ్!" అంది తొందరమ్మ.

"దీన్లో నీ ప్రోటీన్ లేనే లేదు కదమ్మా! ఇవి నీలం రంగు మాత్రమే వేసిన ఉత్త కణాలు."

అందరూ బొత్తాల వైపు తిరిగారు. మైక్రోస్కోపు కెమెరాకి తెలిసింది నలుపు తెలుపులే. నొక్కిన బొత్తానికి పెట్టిన పేరునిబట్టి కంప్యూటరు రంగు పూస్తుంది. కంప్యూటర్లో ఆకుపచ్చ, నీలం బొత్తాల పేర్లు తారుమారయ్యాయి, కాబట్టి ఇందాక ఆకుపచ్చగా కనిపించింది కేంద్రకాలకి వేసిన నీలం రంగే. తొందరమ్మ గిన్నె మళ్ళీ పెట్టి రెండో బొత్తాం నొక్కితే, కడుపు నిండిన కణాల్లో ప్రోటీన్ బయటే బుద్ధిగా తిరుగుతోంది.

"ఎవరు పెట్టారీ పేర్లు?" అన్నారు డైరెక్టరుగారు.

"నేనే సార్... పోయిన సోమవారం," అంది తొందరమ్మ ఏడుపు గొంతుతో.

"సోమవారమా?" అని వెనక్కి తూలారు పక్క ల్యాబు పెద్దాయన. కేంద్రకం వదిలి కదలని కొత్త ప్రోటీన్ ఒకటి దొరికిందని ఆయన ఈ మైక్రోస్కోపు మీదే మంగళవారం ఫొటోలు తీసుకుని, గురువారం సైన్సు పత్రికకి పంపేశారు.

ప్రొఫెసరుగారే ఆయన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి ఫ్యాను వేశారు. పెద్దాయన అడిగింది ఒక్కటే, పంపేసిన ఈమెయిలు వెనక్కి లాక్కోవడం ఎలాగని.