శీనయ్య చూసొచ్చిన చీకటి

ఆ రోజు పొద్దున శీనయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మద్రాసు వెళ్ళాలి, అక్కడ కొత్తగా పెట్టిన పార్కులో స్టేజి మీద ఆడే ఆట చూడాలి, తిరిగి వచ్చి బాగాలేదని చెప్పాలి. ఆట ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. తీర్పు మాత్రం బయలుదేరక ముందే సిద్ధంగా ఉంది.

ఉదయగిరి దాపున ఉన్న మన ఊరి బాప్టిస్టు సంఘానికి శీనయ్య పెద్ద. ఏటా వేసవి సెలవుల్లో సంఘమంతా ఒక బస్సు మాట్లాడుకుని సోమశిల డ్యాము దగ్గరికి వెళ్ళడం, నీళ్ళు చూడడం, పులిహోర తినడం, ఒక పిల్లవాడు తప్పిపోవడం, ఊరంతా గగ్గోలు పెట్టాక వాడు బస్సు సీటు కింద నిద్రపోతూ దొరకడం ఆనవాయితీ. ఆ ఏడు సండేస్కూలు టీచరు సుజన ఆనవాయితీకి అడ్డం పడింది.

"ఎన్నేండ్లు చూస్తాం ఆ నీళ్ళని? మద్రాసు కాడ పార్కు పెట్టినారు. అందులో కొత్తగా స్టేజి ఆటలు మొదలుపెట్టినారంట. మనుషుల్ని మాయం చేస్తారంట. ఈ తూరి ఆడికి పోదాం పెదనాయనా," అంది.

"మనుషుల్ని మాయం చేసేదానికి మద్రాసు దాకా ఎందుకమ్మా? కానుక పట్టే వేళకి మన వెనక బెంచీ వాళ్ళు ఆదివారం ఆదివారం మాయమవతానే ఉండారు గదా," అన్నాడు శీనయ్య.

వెనక బెంచీ వాళ్ళు నవ్వలేదు. పాస్టరు డేవిడ్‌రాజు గారు ఎవరినీ నొప్పించని మనిషి కాబట్టి మధ్యేమార్గం కనిపెట్టారు. "పెద్దోళ్ళు ఒకరు ముందు పోయి చూసొచ్చి, అది చూడదగ్గదో కాదో చెప్పండి. వాళ్ళ మాటే మాట," అన్నారు. ఆ పెద్ద ఎవరన్నది వేరే చెప్పాలా?

ఇక్కడ శీనయ్యకున్న ఇంకో పదవి గురించి చెప్పాలి. వేసవిలో జరిగే సువార్త కూడికల్లో కరెంటు పోయినప్పుడల్లా, జనరేటరు వేసేదాకా లేచి ప్రార్థన చెయ్యడం ఆయన వంతు. దీపాలు ఆరడమేమిటి, శీనయ్య లేవడమేమిటి. కుడిచెయ్యి పైకెత్తి కళ్ళు మూసుకునేవాడు. అందరికీ వినపడాలని కుర్రవాళ్ళు చెయ్యి పట్టుకుని చీకట్లోనే వేదిక ఎక్కించేవారు. కరెంటు వచ్చిందని ఎవరైనా భుజం తట్టేదాకా ఆయన కళ్ళు తెరిచేవాడు కాదు. ఒకసారి జనరేటరు బెల్టు తెగితే ఆదాము దగ్గర మొదలుపెట్టాడు. ఆత్మకూరు నుంచి కొత్త బెల్టు వచ్చేసరికి ప్రార్థన మన ఊరి పాడిబర్రెల దాకా వచ్చింది, అదీ పేరుపేరునా. అబద్ధమనుకుంటే ఆ బర్రెల్ని అడగండి.

ప్రయాణం రోజు పొద్దున ఆయన భార్య లిదియమ్మ దారిలోకి పెరుగన్నం మూట కట్టింది. లిదియమ్మ పుట్టిన ఊరు పెన్న ఒడ్డున ఉండేది. ఇప్పుడు డ్యాము నీళ్ళ అడుగున ఉంది. ఏటా విహారయాత్రలో ఆమె కటకటాల దగ్గర నిలబడి, "అదిగో, ఆ కొంగ వాలిన కాడ మా నాయన పశువుల కొట్టం," అని చూపించేది. కొంగ ఏటా ఒకచోట వాలదు కాబట్టి కొట్టం కూడా ఏటా జరుగుతూ ఉండేది. పులిహోర తినేటప్పుడు మాత్రం ఆమె నీళ్ళకు వీపు పెట్టి కూర్చునేది.

మూట చేతికిస్తూ, "సరిగ్గా చూసి రా అయ్యా. కండ్లు మూసుకోబాక. నువ్వు మూసుకుంటే ఒక పట్టాన తెరవవు," అంది. ఆమెకు వెళ్ళాలని ఉందని శీనయ్యకు అప్పుడు అర్థమైంది. అర్థం కానట్టే గొడుగు చంకన పెట్టుకున్నాడు.

సంఘం సొమ్ము దండగ కాకూడదని ఆయన దుత్తలూరు కొండలయ్య లారీలో బయలుదేరాడు. కొండలయ్య మద్రాసుకు గొర్రెలు తోలే మనిషి. ముందు సీట్లు నిండిపోవడంతో శీనయ్య నెల్లూరు దాకా వెనక గొర్రెల మధ్య కూర్చున్నాడు. ఒక పొట్టేలు ఆయన కండువా అంచు నమిలేసింది. మర్నాడు గొర్రెల్ని దింపేసి ఇద్దరూ పార్కుకు చేరేసరికి, వాళ్ళు నడిచిన దారిలో జనం ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నారు. మద్రాసు వాళ్ళకు పెద్దలంటే ఇంత మర్యాదా అని శీనయ్య ఆశ్చర్యపోయాడు.

ఆటల హాలు మన ధాన్యం గోదాములు నాలుగు కలిపినంత ఉంది. మెరుపు కోటు వేసుకున్న ఒకతను స్టేజి మీదికి వచ్చి, అరవంలో ఏదో అడుగుతూ జనంవైపు చెయ్యి చాపాడు.

"ఏమంటా ఉండాడ్రా కొండలయ్యా?"

"నాకు గొర్రె బరువు వరకే అరవం వచ్చు అన్నా. ఈయన గొర్రెల సంగతి మాట్లాడతా ఉన్నట్టు లేదు."

అతను అడిగింది, మాయమవడానికి ఎవరైనా చెయ్యెత్తి ముందుకు రమ్మని. సరిగ్గా అప్పుడే హాల్లో దీపాలన్నీ ఆర్పేశారు.

శీనయ్య కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. చెయ్యి పైకి లేచింది. కళ్ళు మూతపడ్డాయి. "పరలోకమందున్న మా తండ్రీ," అని మొదలుపెట్టాడు. ఎక్కడినుంచో ఒక పెద్ద లైటు గుండ్రంగా వచ్చి ఆయన మీద పడింది. ఇద్దరు ఆడపిల్లలు వచ్చి చెరో చెయ్యీ పట్టుకుని నడిపించారు. 'పై ఊరివాళ్ళయినా పద్ధతి తెలిసినవాళ్ళే' అనుకుని శీనయ్య మెట్లెక్కాడు. స్టేజి మీద గొంతు పెంచి, కరెంటు ఆఫీసు వారిని జ్ఞాపకం చేసుకొమ్మనీ, లైన్‌మన్‌కు మంచి బుద్ధి ప్రసాదించమనీ వేడుకున్నాడు. తెలుగు రాని జనం అవి మంత్రాలనుకుని చప్పట్లు కొట్టారు. ఆడపిల్లలు ఆయన్ను నిలువెత్తు పెట్టెలో నిలబెట్టి తలుపు మూశారు.

చప్పట్లు విని, కరెంటు వచ్చిందేమోనని శీనయ్య కళ్ళు తెరిచాడు. చుట్టూ చీకటి. ఇంకా రాలేదన్నమాట అనుకుని మళ్ళీ కళ్ళు మూసి ప్రార్థన కొనసాగించాడు. కాళ్ళ కింద పలక తెరుచుకుంది. ఆమెన్ అనే వ్యవధి కూడా లేకుండా కింద దూది బస్తాల మీద పడ్డాడు.

పైన పెట్టె తెరిచారు. ఖాళీ. కొండలయ్య కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. తర్వాత పక్క సీటు చూసుకున్నాడు. తోలుకొచ్చిన గొర్రె తప్పిపోతే జవాబు చెప్పుకోవచ్చు. తోలుకొచ్చిన సంఘపెద్ద తప్పిపోతే లిదియమ్మ వదినకు ఏం చెప్పాలి? సీట్లో మిగిలిన గొడుగు పట్టుకుని, "శీనన్నా!" అని ఒక్క కేక పెట్టి స్టేజి మీదికి దూకాడు.

"యాడ దాచినార్రా మా అన్నని?" అంటూ పెట్టెలోకి దూరి నేలను గట్టిగా తన్నాడు. నేల మాట విని తెరుచుకుంది.

కింద చీకట్లో, "ఎవరది?" అన్న గొంతు వినిపించింది.

"నేనే అన్నా, కొండలయ్యని."

"కరెంటొచ్చిందా?"

దారి తెలియక ఇద్దరూ కనబడిన మెట్లెక్కారు. ఎక్కినచోట ఒక సింహాసనం ఉంది. ఉన్నది ఒకటే కుర్చీ కాబట్టి శీనయ్య అందులో కూలబడ్డాడు. బూరలు మోగాయి, తెర లేచింది. రెండో ఆట రాజుగారి దర్బారట. పైనుంచి పన్నీరు చిలకరిస్తుంటే, అన్న తడుస్తాడని కొండలయ్య గొడుగు విప్పి తల మీద పట్టాడు. ఒంటినిండా దూదితో, ఉన్ని కత్తిరించని గొర్రెల్లాంటి ఆ రాజునూ ఆ ఛత్రధారినీ చూసి హాలు హాలంతా లేచి నిలబడింది. అసలు రాజు వేషగాడు పక్కన నిలబడి తన వంతు కోసం చూశాడు. వంతు రాలేదు.

బయటపడ్డాక శీనయ్య కొండలయ్య భుజం పట్టుకున్నాడు. "ఇది ఊళ్ళో తెలిసిందా, నా పెద్దరికం గంగలో కలిసినట్టే. ఎవురికీ చెప్పనని మాట ఇయ్యి."

"నా మంద మీద ఒట్టు అన్నా."

"ఒట్లు పెట్టుకోకూడదురా, తప్పు."

"మరెట్లా?"

శీనయ్య అటూ ఇటూ చూశాడు. "ఈ ఒక్కసారికి పెట్టుకో."

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతా చెవులు రిక్కించింది. "ఎట్ల ఉండాది పెదనాయనా?" అంది సుజన.

"ఏముండాదమ్మా, అంతా చీకటే," అన్నాడు శీనయ్య. ఆయన అబద్ధమాడలేదు. ఆ రోజు హాల్లో ఉన్న అన్ని వందలమందిలో ఆట చూడని మనిషి ఆయనొక్కడే.

"అయితే చూడదగ్గది కాదంటారా?" అన్నారు పాస్టరు గారు.

శీనయ్య తల ఊపబోయాడు. ఆడవాళ్ళ వైపునుంచి లిదియమ్మ గొంతు వినబడింది. పెద్దగా కూడా అనలేదు. "సరేలే అయ్యగారూ. సోమశిలకే పోదాం. మా నాయన కొట్టం మీద కూర్చోని మళ్ళా పులిహోర తిందాం."

ఎవరూ నవ్వలేదు. శీనయ్య మెడ సగం ఊపిన చోట ఆగిపోయింది. అక్కడికి వెళ్తే తన్నెవరైనా గుర్తుపడతారేమో. కానీ రోజూ వేలమంది వచ్చే చోట నమిలిన కండువా ఒకటి ఎవరికి గుర్తుంటుంది? లిదియమ్మ చీర కొంగు మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది.

"చీకటంటే..." అని శీనయ్య గొంతు సవరించుకున్నాడు. "చూడదగ్గ చీకటే. అందరం పోదాం."

బస్సు బయలుదేరింది. దారి తెలుసునని కొండలయ్యను కూడా ఎక్కించుకున్నారు. హాల్లో శీనయ్య అందరికన్నా వెనక వరసలో, కండువా ముసుగేసుకుని కూర్చున్నాడు. పక్కన లిదియమ్మ. మెరుపు కోటు వచ్చాడు, చెయ్యి చాపాడు, దీపాలు ఆరాయి.

గుండ్రటి లైటు ముందు వరసలో ఒక మనిషి మీద పడింది. పంచె, పక్క సీట్లో గొడుగు, అంచు చినిగిన కండువా. కుడిచెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. ఆడపిల్లలిద్దరూ ముక్కు మూసుకుని మరీ ఆయన్ను స్టేజి ఎక్కించారు. పార్కు వాళ్ళు ఆ రోజు జరిగింది తమ ఆటకన్నా పెద్ద ఆట అని గ్రహించి, దాన్ని రోజూ ఆడిస్తున్నారు. హాలు పడి పడి నవ్వుతోంది. మన బస్సు వాళ్ళు మాత్రం నవ్వలేదు. ఆ చెయ్యిని వాళ్ళు పుట్టినప్పటినుంచీ ఎరుగుదురు. పెట్టె ఖాళీ అయింది. ఇంకో వేషగాడు గొడుగు పట్టుకుని, "శీనన్నా!" అని అచ్చ తెలుగులో అరిచి దూకాడు.

సుజన వెనక్కి తిరిగింది. పాస్టరు గారు తిరిగారు. వరస వెంట వరస తలలు తిరిగాయి. నేల తెరుచుకుంటే బాగుండునని శీనయ్య కోరుకున్నాడు. అక్కడి నేల తెరుచుకునేదే గాని, స్టేజి మీద మాత్రమే. అయినా అది పార్కువాళ్ళ కల్పన అని బుకాయించేవాడే. ఇంతలో కొండలయ్య లేచి నిలబడ్డాడు.

"వాడు సరిగ్గా దూకలా! నేను ఇంకా ఎత్తు దూకినాను!"

లిదియమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. "కండ్లు మూసుకోబాక అని నీకు చెప్పలా అయ్యా?" అంది.

మెరుపు కోటు మళ్ళీ వచ్చి, ఈసారి నిజంగా ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచాడు. దీపాలు మళ్ళీ ఆరాయి. సంఘమంతా అలవాటు కొద్దీ శీనయ్య వైపు చూసింది. శీనయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద గట్టిగా కూర్చున్నాడు. ఆయన పక్కన ఇంకో చెయ్యి లేచింది. గాజుల చెయ్యి.

లిదియమ్మ కళ్ళు తెరుచుకునే నడిచి వెళ్ళింది, పెట్టెలో నిలబడింది, తలుపు మూశారు. తెరిచారు. ఖాళీ.

కింద దూది ఉందని శీనయ్యకు తెలుసు. మెట్లున్నాయని తెలుసు. అవి ఎక్కడికి తేలుతాయో ఆ హాల్లో ఆయన కన్నా బాగా తెలిసినవాడు లేడు. అయినా "ఏదిరా? ఆమె ఏదీ?" అంటూ గొడుగు పట్టుకుని లేచాడు.

"కూర్చో అన్నా," కొండలయ్య కండువా పట్టి లాగాడు. "ఆ దూకే పని నాది."

అంతలో హాలు వెనక తలుపు తెరుచుకుంది. జుట్టునిండా దూదితో లిదియమ్మ నడిచి వచ్చింది. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ఆమె ఆగి, అందరికీ వందనాలు చెప్పి మరీ వచ్చి కూర్చుంది.

తిరుగు బస్సులో పాస్టరు గారు ఆమె సీటు దగ్గరికి వచ్చారు. "మీరు చెప్పండి లిదియమ్మ గారూ. చూడదగ్గదేనా?"

లిదియమ్మ జుట్టులోంచి దూది తీసుకుంటూ కిటికీలోంచి చూసింది. "మా ఊరిని మాయం చేసినోళ్ళు మళ్ళా తెచ్చి ఇయ్యలా అయ్యగారూ. వీళ్ళు మాయం చేసినోళ్ళని మళ్ళా తెచ్చి ఇస్తా ఉండారు. అందుకన్నా చూడాల," అంది.

శీనయ్య చెయ్యి చాపాడు. ఆమె చెవి వెనక మిగిలిపోయిన దూది పింజ ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు.

ఆయన భయపడినట్టు పెద్దరికమేమీ పోలేదు. ఆ వేసవి కూడికల్లో కరెంటు పోయినప్పుడు పిల్లలు ఇదివరకటి కన్నా నిశ్శబ్దంగా కూర్చున్నారు, తాత ఎప్పుడు మాయమవుతాడోనని. శీనయ్య యథాప్రకారం లేచాడు, చెయ్యెత్తాడు, లైన్‌మన్ కోసం వేడుకున్నాడు. కాకపోతే ఇప్పుడు ఒక కన్ను తెరిచే ఉంచుతున్నాడు.