భుజాల మీద బూడిద

ఆ శనివారం పొద్దున యేసురత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకురావాలి, వంట చెయ్యాలి, మధ్యాహ్నం మొగుడి చేత పెంకుల మీది బూడిద గుమ్మడికాయ దింపించాలి. మర్నాడు ఆదివారం కోత పండుగ. కాయను గుడికి మోయించుకుపోయి బల్ల ముందు పెడితే ఆమె పని అయిపోయినట్టే.

బెంగాల్లో, ఖిదిర్‌పూర్ డాక్ కూలీల లైన్లలోని తెలుగు సంఘానికి కోత పండుగ అంటే ఏటా కాస్త సిగ్గుగానే ఉండేది. కోసుకోవడానికి ఎవరికీ సెంటు పొలం లేదు. వాళ్ళు దించేవి గోధుమ ఓడలే గాని ఆ గోధుమలు సర్కారువి. అయినా పండుగ మానేవారు కాదు. ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి తెచ్చి బల్ల ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు ఆ వస్తువును మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తారు, దాన్ని మళ్ళీ వేలం వేస్తారు. నిరుడు ఒక కొబ్బరికాయ అలా అందరి చేతుల్లోనూ తిరిగి తిరిగి పీచంతా రాలి బోడిదైపోయింది. పాపం, అది తప్ప బల్ల మీద చెప్పుకోదగ్గది ఏదీ లేదు.

ఈసారి మాత్రం యేసురత్నం దగ్గర అసలైన పంట ఉంది. అది ఆమె పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం. ఆమె మొగుడు ఎలీయాజరు డాక్‌లో సరుకు దించే వించి నడుపుతాడు. తొలివాన కురిసిన రోజున బస్తాల వల జారి అతని కాలు విరిగింది. అప్పుడే ఆ తీగ రెండాకులు వేసింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని యేసురత్నం మొక్కుకుంది: ‘ప్రభువా, ఈ మనిషి తన కాళ్ళ మీద నడిచి ఇంటికొస్తే ఈ తీగకు కాసే తొలికాయ నీది.’ మనిషి నడిచి ఇంటికొచ్చాడు. పిందెలన్నీ వానకు కుళ్ళిపోగా ఒకే ఒక్క కాయ నిలిచింది. అది లేతగా ఉన్నప్పుడే అడుగు భాగాన తలపిన్నుతో చిన్న సిలువ గీసింది. కాయతో పాటు ఆ సిలువా పెరిగింది.

ఈ మొక్కు సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. కానుక ఇచ్చేవాళ్ళు గుట్టుగా ఇవ్వాలని, చాటుకుంటే ఇచ్చినట్టే కాదని పాస్టరు జ్ఞానానందం అయ్యగారు ఆదివారం ఆదివారం చెబుతూనే ఉన్నారు మరి. చిక్కేమిటంటే ఆ ప్రసంగాలు ఎలీయాజరు కూడా వింటున్నాడు.

యేసురత్నం కుళాయి దగ్గర వరసలో ఉన్న సమయానికి ఎలీయాజరు సందు చివర నిబారణ్ బాబుతో మాట్లాడుతున్నాడు. నిబారణ్ బాబు డాక్‌లో గుమాస్తా, వీధి క్లబ్బుకు కార్యదర్శి. తెలుగు కూలీల మధ్య పనిచేసి తెలుగు నేర్చుకున్నాడు గాని, ఆడా మగా తేడా లేకుండా అందరినీ, చివరికి తనను కూడా ‘అది’ కిందే జమకట్టేవాడు. కాలు విరిగిన రోజున నడుంలోతు నీళ్ళలో ఎలీయాజరును వీపున వేసుకుని ఆసుపత్రికి మోసినవాడు ఆయనే. ఆ మేలుకు ఏం ఇవ్వాలో తెలియక ఎలీయాజరు ఇన్నాళ్ళూ లోలోపల కుమిలిపోతున్నాడు.

"ఎలియా దాదా, మార్కెట్ మొత్తం తిరిగింది. బూడిద గుమ్మడి ఒకటి కూడా లేదు. రేపు చాలా అవసరం ఉంది," అన్నాడు నిబారణ్ బాబు దిగులుగా.

ఎందుకవసరమో ఎలీయాజరు అడగలేదు. రేపు రాత్రి క్లబ్బులో కాళీపూజ అని, అక్కడ బలికి మేకకు బదులు గుమ్మడికాయ కొడతారని అతనికి తెలుసు. అడిగితే ఇవ్వడం కష్టమవుతుందని ఎక్కడో అనుమానం. గబగబా పెంకులెక్కి, కాయ తెంపి, భుజాన వేసుకుని తెచ్చి ఇచ్చేశాడు.

"ఇది నానిచ్చినట్టు ఎవులకీ సెప్పొద్దు దాదా. నీ మీద ఒట్టు."

నిబారణ్ బాబు కళ్ళు చెమర్చాయి. ఒట్టు వేశాడు.

యేసురత్నం బిందె దించి పైకి చూసింది. తీగ ఉంది, కాయ లేదు.

"మావా! కాయేది?"

"ఏ కాయ?" అన్నాడు ఎలీయాజరు. పెంకుల మీద ఉన్నదే ఒక్క కాయ.

"గుమ్మడికాయ!"

"నాకేటి తెలుసు? ఎవుడో ఎత్తుకుపోయుంటాడు." ఇది అబద్ధమని అతను అనుకోలేదు. అయ్యగారు చెప్పిన గుట్టు ఇదే అనుకున్నాడు.

యేసురత్నం గుమ్మంలోనే కూలబడి ఏడుపు లంకించుకుంది. "అది కాయ కాదు మావా, నీ కాలు! నీ కాలు బాగైతే దేవుడికిస్తానని మొక్కుకున్నాను. రేపు ఏటి పెట్టాల దేవుడి ముందర? వట్టి సేతులతో ఎల్లాలా?"

అంతే, నెలల తరబడి నిక్షేపంగా ఉన్న ఎలీయాజరు కాలు సలపడం మొదలుపెట్టింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి కాసులమ్మ వచ్చిపడింది.

"ఓలమ్మ, దేవుడి కాయనే దొంగిలించినాడా? ఆడి సెయ్యి పడిపోను! ఉండు ఒదినా, ఇప్పుడే పట్టేద్దాం. బూడిద అంటకుండా ఆ కాయని ఎవుడూ మొయ్యలేడు."

ఎలీయాజరు చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. నీలం డాక్ చొక్కా మీద అరచెయ్యంత తెల్లటి మచ్చ. అతను లోపలికి పోయి చొక్కా విప్పి బకెట్టులో ముంచేశాడు. చెయ్యి పడిపోవాలన్న శాపనార్థం విన్నాక నిజం చెప్పే ధైర్యం మరి రాలేదు.

కాసులమ్మ సరాసరి వెళ్ళి ఫిర్యాదు చేసింది ఎవరికనుకున్నారు? వీధి పెద్ద నిబారణ్ బాబుకే. "దాదా, రత్నం ఆ కాయని దేవుడికి మొక్కుకున్నాదంట. దొంగని పట్టాల!" అంది. ఆమె పోయాక నిబారణ్ బాబు క్లబ్బు బెంచీ మీది కాయను తిరగేసి చూశాడు. అడుగున సిలువ. "సొర్బొనాశ్!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. చెప్పకూడదని ఒట్టు, ఉంచుకుంటే పాపం. ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు.

వార్తకు మాత్రం ఏ ఒట్టూ లేదు. కుళాయి దగ్గర అది గుమ్మడికాయ దొంగతనం. ట్రాం స్టాపు చేరేసరికి పండుగ కానుకల దొంగతనమైంది. వాట్‌గంజ్ పోయి తిరిగొచ్చి అయ్యగారి చెవిన పడేవేళకు గుడి తాళాలు బద్దలైపోయాయి. అయ్యగారు పరుగున పోయి చూసుకుంటే తాళం తాళంలాగే ఉంది. ఊపిరి పీల్చుకున్నారు గాని, యేసురత్నం మొక్కు సంగతి విన్నాక మనసు కలుక్కుమంది. గుట్టుగా ఉండమని చెప్పి ఆ పిల్ల నోరు కట్టేసింది తానే గదా! తానే గుట్టుగా ఒక కాయ కొని బల్ల ముందు పెట్టాలనుకున్నారు.

స్త్రీల సమాజం పెద్ద, ఏటా వేలం పాడించే దెబోరమ్మగారికీ అదే ఆలోచన వచ్చింది. కాసులమ్మకైతే మరీ అవసరం వచ్చింది. ఆ కాయ తన గుమ్మానికి దిష్టికి కట్టుకుంటే ఎంత బాగుంటుందోనని కిందటి వారమే ఆమె వీధంతా వినబడేలా అంది. ఇప్పుడు అందరూ ఆ మాట గుర్తుచేసుకుని ఆమె గుమ్మం వంకే చూస్తున్నారు.

మార్కెట్లో కాయలు లేవు కాబట్టి సాయంత్రం ఎలీయాజరు కాలువ రేవుకు పోయాడు. దక్షిణం నుంచి కూరగాయల పడవ ఒకటి వచ్చింది. పడవ సరుకంతా తానొక్కడే దించిపెట్టి, కూలికి బదులు ఒక గుమ్మడికాయ అడిగి పుచ్చుకున్నాడు. దాన్ని సంచిలో కుక్కుతూ తలెత్తితే ఎదురుగా కాసులమ్మ!

"ఏటి బావా, ఇలా వచ్చినావు?"

"నిమ్మకాయలకి. నువ్వో?"

"నానూ నిమ్మకాయలకే."

ఇద్దరి సంచులూ నేలకు వేలాడుతున్నాయి. అంత బరువైన నిమ్మకాయల గురించి ఎవరూ ఎవరినీ అడగలేదు. వాళ్ళిద్దరూ పోయాక అదే పడవ దగ్గరికి ముందు దెబోరమ్మగారు, తర్వాత అయ్యగారు వచ్చి వెళ్ళారు.

మర్నాడు యేసురత్నం వట్టి చేతులతో గుడిలో అడుగుపెట్టి అవాక్కయింది. బల్ల ముందు నాలుగు బూడిద గుమ్మడికాయలు బారుగా కూర్చుని ఉన్నాయి. ఆశగా పోయి ఒక్కొక్కటీ తిరగేసింది. దేనికీ సిలువ లేదు. నాలుగూ మంచి కాయలే, తనది మాత్రం లేదు. వెళ్ళి ఓ మూల కూర్చుంది.

సాక్ష్యాల వేళ వచ్చింది. మేలు పొందినవాళ్ళు లేచి నలుగురిలో దేవుడికి స్తోత్రం చెప్పుకోవడం ఆ సంఘం ఆచారం. యేసురత్నం లేచింది.

"నా మనిషిని దేవుడు నిలబెట్టినాడు. మొక్కినది ఎవుడో ఎత్తుకుపోనాడు. నా సేతిలో ఏటీ లేదు. స్తోత్రం మాత్రమే ఉన్నాది." అంతే చెప్పి కూర్చుంది. గుడి అంతటా ముక్కులు చీదుకున్న చప్పుడు.

దెబోరమ్మగారు కళ్ళు తుడుచుకుని, మాట మార్చడానికి, "ఈ నాలుగు కాయలూ ఎవరు తెచ్చారో చెబితే వారికీ స్తోత్రం చెబుదాం," అన్నారు. తనది అందులో ఒకటైనా అడగక తప్పలేదు.

ఒక్కరూ పలకలేదు. పండుగ చూడ్డానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న కాసులమ్మకు పాత అలవాటు పోలేదు. "సెప్పకపోతే ఏటి? బుజాలు సూడండి, బూడిదుంటాది!" అని గట్టిగా అంది.

నాలుగు చేతులు ఒక్కసారిగా నాలుగు భుజాల మీదికి పోయాయి. ఎలీయాజరు కొత్త చొక్కా దులుపుకున్నాడు. దెబోరమ్మగారు ముదురాకుపచ్చ పట్టుచీర దులుపుకున్నారు. అయ్యగారు ప్రసంగ వేదిక మీదే నల్లకోటు దులుపుకున్నారు. కాసులమ్మ తన మాటకు తానే ఉలిక్కిపడి ఎర్ర రవిక తుడుచుకుంది. జనం ముందు బిత్తరపోయారు, తర్వాత గుడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

ఎలీయాజరు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"కాయ తెచ్చినవోడినీ నానే, దొంగనీ నానే. వానలో నన్ను ఈపున మోసినాడు గదా నిబారణ్ దాదా, ఆయనకిచ్చినాను. మొక్కు సంగతి నాకు తెలీదు. గుట్టుగా ఇయ్యమన్నారు గదా అని రత్నానికి అబద్దమాడినాను."

అయ్యగారు దగ్గారు. "ఎలీయాజరూ, గుట్టుగా ఇవ్వమన్నాను గాని, భార్యతో అబద్ధమాడమని ఏ ఆదివారమూ చెప్పలేదు నాయనా."

యేసురత్నం కళ్ళు నిప్పులు కురిశాయి. "నాకు సెప్పాల గదా! దాదాకి ఇస్తానంటే నాను కాదంతానా? ఇంకోటి కాసేదాకా దేవుణ్ణే ఆగమని బతిమాలుకుందును గదా!"

ఇంతలో బయట పూజల్లో వాయించే ఢాక్ డోలు మోగింది. అందరూ తలుపు వైపు తిరిగారు. ముందు నిబారణ్ బాబు, ఆయన భుజాన బూడిద గుమ్మడికాయ, వెనక డోలు వాయించేవాడు, వాడి వెనక క్లబ్బు మొత్తం.

"బౌదీ, వదినా, మాఫ్ చెయ్యాలి. ఒట్టు తప్పింది నేను," అన్నాడు ఆయన. "ఒక దేవుడికి మాట ఇచ్చిన కాయ ఇంకో దేవుడికి ఎలా పెడుతుంది? మాకు బలికి చెరకు గడ ఉంది, చాలు. మీది మీరు తీసుకోవాలి."

యేసురత్నం కాయను తిరగేసి చూసింది. సిలువ అక్కడే ఉంది. గుండెకు హత్తుకుని తీసుకుపోయి తన చేతులతో బల్ల ముందు పెట్టింది. కొత్తచీర నిండా బూడిదైనా ఆమెకు పట్టలేదు. ఆ క్షణాన ఆ ఊళ్ళో అంతకంటె సంతోషంగా ఉన్న మనిషి లేదు.

ఆ ఏడు వేలం లాంటి వేలం ఆ గుడిలో మునుపెన్నడూ జరగలేదు. క్లబ్బువాళ్ళు కిటికీల్లోంచి పాట పెంచారు. నిరుటి కొబ్బరికాయను చూసి జాలిపడిన సంఘం, ఇప్పుడు బల్ల మీద చోటు చాలక కాయలను నేల మీద పెట్టుకుంది. సిలువ కాయను నిబారణ్ బాబు పాడుకున్నాడు. పాడుకున్నది తిరిగి దేవుడికి ఇచ్చేయడం ఇక్కడి పద్ధతని కాసులమ్మ చెవిలో ఊదింది. ఆయన వెంటనే ఇచ్చేశాడు. మళ్ళీ పాడుకున్నాడు, మళ్ళీ ఇచ్చేశాడు. మూడోసారి ఇవ్వబోతుంటే యేసురత్నం లేచింది.

"దెబోరమ్మగారూ, ఇంక ఆపీండి. దాదా, ఈపాలి తిరిగిచ్చీకు. దేవుడికి అందాల్సింది అందిపోనాది. మా మనిసిని మోసిన బుజానికి ఇది మా ఇంటి కానుక. ఇంటిల్లిపాదికీ తెలిసే ఇస్తన్నాం, గుట్టేటీ లేదు."

కాయను తానే ఎత్తి ఆయన భుజాన పెట్టింది. నిబారణ్ బాబుకు తెలుగూ రాలేదు, బెంగాలీ కూడా రాలేదు. ఢాక్ వాయించేవాడే ఆయన తరఫున మాట్లాడాడు. భుజం మీది బూడిదను దులుపుకోకుండా ఆయన వీధంతా నడిచి వెళ్ళాడు.

"అయ్యగారూ, ఆ కాయ ఇప్పుడు ఎక్కడికెల్తాదో..." అంటూ ఎవరో నసిగారు.

"వేలంలో పాడుకున్న వస్తువు ఎక్కడికి పోతుందో అడిగే ఆనవాయితీ మన సంఘంలో లేదు," అన్నారు అయ్యగారు కిటికీలోంచి ఆకాశం చూస్తూ.

మిగిలిన నాలుగు కాయలతో వడియాలు పెట్టి వీధిలో ప్రతి ఇంటికీ పంచాలని స్త్రీల సమాజం తీర్మానించింది. అన్ని వడియాలకు మినప్పిండి ఎవరు రుబ్బుతారనే ప్రశ్న వచ్చినప్పుడు యేసురత్నం తడుముకోకుండా ఒక పేరు చెప్పింది.

ఎలీయాజరు కాలు మళ్ళీ ఎన్నడూ సలపలేదు. పై ఆదివారం అతను లేచి ప్రార్థన చేయమని వేడుకున్నది చేతుల గురించి.