నాలుగు గ్లాసుల ప్రత్యర్థి

"తగిన ప్రత్యర్థి కావలెను. మన ఛాంపియన్ గారు తమ బిరుదును పందొమ్మిదవసారి నిలబెట్టుకొనుచున్న శుభసందర్భమున, నలభై యేండ్లు పైబడిన పురుషుల నుండి దరఖాస్తులు కోరబడుచున్నవి. పూర్వానుభవము అక్కరలేదు. ఉన్నచో అది ఓటములకు సంబంధించినదై ఉండవలెను. రెండు కాళ్ళపై నిలబడగలవారు మాత్రమే అర్హులు. ఎక్కువసేపు నిలబడగలవారు శ్రమ తీసుకొనవలదు."

బాక్సింగ్ సమాఖ్య వారి ఈ ప్రకటన పేపర్లో వచ్చిన రోజు ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ లేదు కూడా. గెలవడానికి అర్హతలున్నట్టే ఓడిపోవడానికీ కొన్ని అర్హతలుంటాయి. అడ్డమైనవాడూ వచ్చి నేను ఓడిపోతానంటే కుదరదు.

ప్రకటన రాసినవాడు సమాఖ్యలో ప్రత్యర్థుల ఎంపికాధికారి. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమని పెద్దలన్నారు. అన్నారు గానీ, ఏ చెట్టూ లేని చోటు ఊరికే దొరకదు. ఎవరో ఒకరు పూనుకుని వెతికిపెట్టాలి. పదకొండేళ్ళుగా ఆ వెతికిపెట్టే ఉద్యోగం ఈయనది. ఛాంపియన్ స్వయానా ఆయన మేనల్లుడు కావడం వల్ల పనిలో శ్రద్ధ కాస్త ఎక్కువే ఉండేది.

ఆయన ఆఫీసు నాలుగో అంతస్తులో. భవనంలో లిఫ్టు ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దరఖాస్తుదారులు వచ్చే రోజుల్లో మాత్రం దానికి "మరమ్మతులో ఉన్నది" అనే బోర్డు తగిలిస్తారు. వచ్చినవాడు ఎనభై ఎనిమిది మెట్లెక్కి పైకి రావాలి. రాగానే కుర్చీ చూపించి, బల్ల మీదున్న కూజా, గ్లాసు ముందుకు జరుపుతారు. ఒక్క గ్లాసు నీళ్ళతో తేరుకున్నవాడికి "అర్హత మితిమీరినది" అని రాసి, మర్యాదగా సాగనంపుతారు. రెండు గ్లాసులవాడు వెయిటింగు లిస్టు. మూడు గ్లాసులు తాగి, ఇంకా మాట రాక చేత్తో సైగ చేసేవాడికి అక్కడికక్కడే ఒప్పందం. ఇంత సులువైన పద్ధతి కనిపెట్టడానికి ఆయన కమిటీలు వేయలేదు, విదేశాలు తిరగలేదు. ఒక కూజా కొన్నారంతే.

ఈ పద్ధతిలో ఆణిముత్యాలు దొరికాయి. మూడో ప్రత్యర్థి పళ్ళ డాక్టరు. వేళ్ళు పాడైతే వృత్తి పోతుందని చేతులు రెండూ చంకల్లో దాచుకుని పోరాడాడు. ఏడోవాడు కళ్ళజోడు తీసేసి, రింగు మూలనున్న స్తంభంతో నిమిషమున్నర సేపు వీరోచితంగా తలపడ్డాడు. దాన్ని దాదాపు ఓడించాడు కూడా. పదకొండోవాడు బడిపంతులు. గంట కొట్టగానే ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ గ్లౌజులు తీసేసి బయటికి నడిచాడు. అందరూ నోట్లో వేలు పెడితే కొరకలేని బంగారుతండ్రులు. పోటీకి ముందు పేపర్లలో మాత్రం వాళ్ళను "ఎప్పుడేం చేస్తాడో ఊహించలేని ప్రమాదకర ప్రత్యర్థి" అని రాసేవారు. అది అక్షరాలా నిజం. వాళ్ళేం చేస్తారో వాళ్ళకే తెలిసేది కాదు.

సమాఖ్య అధ్యక్షులవారు పద్దెనిమిదో విజయోత్సవ సభలో గంటసేపు ప్రసంగించారు. "సోదరులారా! ప్రత్యర్థి అంటే ఎవరు? మన విజయానికి సహకరించే ఆప్తమిత్రుడు! అటువంటి మిత్రుని మీద అనుమానాలా? మన ఛాంపియన్ గెలిచేది మన ఎంపిక వల్ల అంటున్నారు కొందరు. మరి ఓడిపోయేవాణ్ణి ఎంపిక చేయడమంటే మాటలా? ఓడిపోయేవాడు కూడా ఒక్కోసారి గెలుస్తాడు! ఆ ప్రమాదాన్ని పద్దెనిమిదిసార్లు ఎదుర్కొన్న ధీశాలి మన ఎంపికాధికారి!" చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. ఎంపికాధికారి లేచి వినయంగా తలవంచారు.

నిజానికి ఆయన్ని నడిపించింది సమాఖ్య భక్తి కాదు, చెల్లెలికిచ్చిన మాట. ఆయన చెల్లెలు టైలరింగు చేసి కొడుకును పెంచింది. కొడుకు గ్లౌజులు తొడుక్కున్న మొదటిరోజే అన్నగారిని వంటింట్లోకి పిలిచి చెప్పింది.

"అన్నయ్యా, వాడేం ఆడతాడో ఏమో నాకు తెలీదు. వాడి ముక్కు అచ్చం వాళ్ళ నాన్న ముక్కు. ఆయన గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. దానిమీద దెబ్బ పడితే మాత్రం నీ మొహం చూడను."

ఆ ముక్కు కోసం ఆయన పదకొండేళ్ళు మనుషులతో మెట్లెక్కించారు. ముక్కు చెక్కుచెదరలేదు. సబ్బుల ప్రకటనల్లో, పళ్ళపొడి ప్రకటనల్లో వెలిగిపోయింది. లోకంలో ఇన్నేళ్ళు గుద్దులాటలో ఉండి ఇంత నున్నటి ముక్కున్న మనిషి లేడని గొప్పగా చెప్పుకున్నారు. అదెలా సాధ్యమని ఎవరూ అడగలేదు.

అడిగినవాడు ఒక్కడే, ఆ ముక్కుగలవాడు. ఒకనాడు మధ్యాహ్నం ఛాంపియన్ మేనమామ ఆఫీసుకొచ్చి, కూజా ముందు కుర్చీలో కూలబడ్డాడు.

"మావయ్యా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నేను కొడితే వాళ్ళు పడుతున్నారా, లేక వాళ్ళు పడే చోట నేను కొడుతున్నానా?"

"పిచ్చి ప్రశ్నలు వేయకురా. పద్దెనిమిదిసార్లు గెలిచావు."

"అదే కదా భయం. నాకు బాక్సింగ్ వచ్చో రాదో నాకే తెలీదు మావయ్యా. ముప్ఫై ఏళ్ళొచ్చాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తెలుసుకుని చస్తాను."

ఎంపికాధికారి ఫైళ్ళు సర్దుకున్నారు. మేనల్లుడు లిఫ్టులో దిగిపోయాడు. వాడి మొహం ఆయన్ని రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. మూడో రోజు యథాప్రకారం లిఫ్టుకు బోర్డు తగిలించారు.

ఆ రోజే ఒక పోస్ట్‌మాన్ వచ్చాడు. నలభై ఒక్క ఏళ్ళు, ఎండకెండి వడిలిన మనిషి, భుజాలు కిందికి జారి ఉన్నాయి. చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. కుర్చీలో పడి ఒకటి, రెండు, మూడు గ్లాసులు తాగాడు. నాలుగోది తాగి, కూజాలో ఇంకా ఉన్నాయా అన్నట్టు చూశాడు. విభాగం చరిత్రలో నాలుగు గ్లాసుల అభ్యర్థి అంతవరకూ లేడు. ఎంపికాధికారికి కళ్ళు చెమ్మగిల్లాయి. వృత్తి "ఉత్తరాలు పంచుట" అని చూసి, కాగితాలు మోసేవాడే కదా అనుకుని, ఒప్పందం మీద ముద్ర గుద్దారు.

ఆ రోజు బస్సుల సమ్మె. సొంత గుమాస్తా రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా, ఈ మనిషి ఎలా వచ్చాడన్నది ఆయనకు తట్టలేదు. తట్టేసరికి వారం గడిచింది, గోడల నిండా పోస్టర్లు పడ్డాయి. గ్లౌజుల కొలతలివ్వడానికి వచ్చిన పోస్ట్‌మాన్‌ని ఆయన మామూలుగా అడిగినట్టు అడిగారు.

"ఆ రోజు బస్సుల్లేవు కదండీ, ఎలా వచ్చారు?"

"పరిగెత్తుకొచ్చానండి. పద్దెనిమిది కిలోమీటర్లేగా. మెట్ల దగ్గర కాస్త నెమ్మదించాను."

"బాక్సింగ్ అలవాటుందా?"

"బాక్సింగ్ కాదండీ. మా ఆఫీసులో ఉత్తరాల సంచులు దులపాలి. గుద్దితే గాని దుమ్ము పోదు. ఇరవై రెండేళ్ళుగా రోజూ నలభై సంచులు."

ఎంపికాధికారి ఆ రోజు మిగిలిన కూజా నీళ్ళన్నీ తనే తాగారు. తర్వాత పోస్ట్‌మాన్‌కు కంటిచూపు చాలదని ఒక సర్టిఫికెట్ తయారుచేయించి, సంతకం కోసం బల్ల మీద పెట్టుకున్నారు. అప్పుడే మేనల్లుడు వచ్చాడు. సర్టిఫికెట్ చదివాడు. కవర్ల మీద కోడిగీతల చిరునామాలు చదివే మనిషికి చూపు తక్కువంటే వాడికి సంగతంతా అర్థమైపోయింది.

"మావయ్యా," అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. "ఈయన్ని ఉండనీ. అమ్మకు నేను చెప్పుకుంటాను."

పదకొండేళ్ళలో తొలిసారి ఆయన తన విధులను నిర్లక్ష్యం చేశారు. ఆ కాగితాన్ని సొరుగులో వేసి తాళం పెట్టారు.

పోటీ రోజు హాలు కిక్కిరిసింది. మొదటి రౌండ్లో ఛాంపియన్ గట్టిగా ఒకటి కొట్టి, అలవాటు ప్రకారం చేతులెత్తి జనం వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పోస్ట్‌మాన్ అక్కడే ఉన్నాడు. కొట్టిన తర్వాత కూడా ఎదుటివాడు ఉండటం ఛాంపియన్‌కు అదే మొదటిసారి. రెండో రౌండ్లో ముక్కు విరిగింది. తల్లి కెవ్వుమంది. ఎంపికాధికారి కళ్ళు మూసుకున్నారు. తెరిచి చూస్తే, మొహం నిండా రక్తంతో మేనల్లుడు నవ్వుతున్నాడు. మూడో రౌండ్లో వాడే పోస్ట్‌మాన్‌ని తాళ్ళ మీదికి నెట్టాడు. నాలుగో రౌండు పూర్తిగా నిలబడ్డాడు. ఐదో రౌండ్లో పడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టాక పోస్ట్‌మానే చెయ్యిచ్చి లేపాడు.

"మావయ్యా, నాకు వచ్చు!" అన్నాడు వాడు, వాచిన పెదాలతో. "తక్కువే, కానీ వచ్చు! ఇంకో ఏడాది కష్టపడితే ఈయన్ని పట్టుకుంటాను!" ఎంపికాధికారి వాణ్ణి కావలించుకుని అందరిముందూ ఏడ్చేశారు. ఆయన సర్వీసులో అధికారికంగా నమోదు కాని ఆనందం అదొక్కటే.

జనం మాత్రం కుర్చీలు విరిచారు. "పొద్దున్నుంచీ ఆఫీసులో ఓడిపోతూనే ఉంటాం. సాయంత్రం ఇక్కడికొచ్చీ అదే చూడాలా?" అన్నాడొక గుమాస్తా, న్యాయంగానే. మర్నాటికల్లా పేపర్లు క్రీడా విలువల పతనం మీద సంపాదకీయాలు రాశాయి. విచారణ సంఘం మూడు రోజుల్లో నిజాలు వెలికితీసింది. ప్రత్యర్థి ఇరవై రెండేళ్ళుగా రహస్యంగా సాధన చేశాడని, పైగా ఉద్దేశపూర్వకంగా ఎదురుదెబ్బలు కొట్టాడని, ఇంతవరకూ వచ్చిన ప్రత్యర్థుల ప్రమాణాన్ని కాలరాశాడని తేలింది. పోటీ జరగనట్టే లెక్క అన్నారు. బెల్టు వెనక్కి తీసుకోవడానికి అధికారులు వెళితే పోస్ట్‌మాన్ దాన్ని సంచిలోంచి తీశాడు. ఇచ్చేసి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాడు. అతణ్ణి తిరిగే పని మాన్పించి, కూర్చుని స్టాంపులు అంటించే సీటుకు మార్చారు.

ఛాంపియన్ బెల్టు వద్దన్నాడు. అప్పుడు ప్రజలే రంగంలోకి దిగారు. "మా ఛాంపియన్ మాకు కావాలి" అనే కాగితం ఇంటింటికీ తిరిగింది. చదివి సంతకం పెట్టినవాళ్ళు తక్కువ, పెట్టనివాళ్ళు ఇంకా తక్కువ. మొదటి సంతకం తల్లిది. లక్షా నాలుగు వేల సంతకాల కట్టను ఛాంపియన్ ఒళ్ళో పెట్టారు. వాడు మొదటి పేజీ చూసి తలెత్తాడు.

"నువ్వు కూడానా మావయ్యా?"

"అమ్మ పెట్టిందిరా," అన్నారాయన. కట్ట సర్దుతూ, "అందరూ పెట్టారు," అన్నారు.

పందొమ్మిదో పోటీ మళ్ళీ మొదటినుంచి పెట్టారు. ఈసారి ప్రత్యర్థి గడియారాలు బాగుచేసేవాడు, యాభై మూడేళ్ళవాడు. రెండో రౌండు మొదటి నిమిషం ముగిసేసరికి పడాలని ఒప్పందంలో రాశారు. హాల్లో ఇసక వేస్తే రాలనంత జనం. ముక్కుకు పట్టీతో ఛాంపియన్ రింగులోకి వచ్చాడు. గంట కొట్టారు. ఛాంపియన్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మొదటి రౌండంతా అలాగే నిలబడ్డాడు. రెండో రౌండ్లోనూ కదల్లేదు. గడియారాలాయన చుట్టూ తిరిగాడు, బతిమాలినట్టు చూశాడు, గోడ గడియారం చూశాడు. సరిగ్గా నిమిషం కాగానే, మాట తప్పని మనిషి గనక, వెల్లకిలా పడ్డాడు.

హాలు హోరెత్తింది. కంటికి కనపడనంత వేగంతో కొట్టిన దెబ్బ అని వ్యాఖ్యాత అరిచాడు. వెనక వరుసలవాళ్ళు అది ఎడమచేతి దెబ్బన్నారు, ముందు వరుసలవాళ్ళు కాదు కుడిచేయి అని పందేలు కట్టారు. చెల్లెలు ఆనందబాష్పాలు తుడుచుకుంటూ అన్నగారి భుజం పట్టుకుంది.

"చూశావా అన్నయ్యా, ఎంత గట్టిగా కొట్టాడో!"

"చూశానమ్మా," అని ఎంపికాధికారి లేచి చప్పట్లు కొట్టారు.

ఛాంపియన్ చేతులింకా వెనకే ఉన్నాయి. లేవకుండా కూర్చున్నవాడు ఒక్కడైనా ఉన్నాడేమోనని వాడు హాలంతా వరుస వరుసా వెతికాడు. వెతుక్కుంటూ మన వరుస దాకా వచ్చాడు. మనం అప్పటికే లేచి నిలబడి ఉన్నాం.