ఫోనుకు చెవులున్నాయి

కొడుకు తండ్రిని దోచుకున్నాడు. ఇందులో వాదనకు చోటు లేదు. తండ్రి స్నానానికి వెళ్ళినప్పుడు బల్ల మీదున్న బొత్తాల ఫోను తీసేసుకుని, దాని చోట అద్దం పలకలాంటి కొత్త ఫోను పెట్టి, పుట్టినరోజు కానుక అన్నాడు. మామూలు దొంగలు తీసుకుపోతారు. వీడు పెట్టి మరీ తీసుకుపోయాడు.

పోయిన దాని విలువ కొడుక్కి తెలియదు. తాళాల మేస్త్రి అయిన తండ్రికి తెలుసు. ఆ ఫోను మీద రెండో అంకె అరిగి నున్నగా అయిపోయింది. అది నొక్కి పట్టుకుంటే భార్యకు వెళ్ళేది. ఆవిడ పోయాక ఆ బొత్తాం ఎక్కడికీ వెళ్ళదు. అయినా మేస్త్రి అందులోంచి ఆవిడ నంబరు తీయలేదు. ఎందుకు తీయలేదని అడిగే హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

కొత్త ఫోను వచ్చిన వారానికి, ఒక ఉదయం మేస్త్రి వేసుకున్న పథకం చిన్నది. కాఫీ తాగాలి, ఫోను అడగాలి, పుచ్చుకోవాలి.

"నా ఫోను నాకిచ్చెయ్."

"అది పాతబడిపోయింది నాన్నా. బీరువాలో పడేశా. కొత్తది బానే ఉందిగా."

"ఇది వింటోంది."

"ఏంటి వినేది?"

"నిన్న మోకాలు నొప్పని మీ ఆవిడతో అన్నాను. సాయంత్రానికి మోకాలి పట్టీ బొమ్మ చూపించింది. నేనేమన్నా దాన్నడిగానా?"

కొడుకు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. అందుకని నవ్వాడు. "నీ వయసు వాళ్ళందరికీ అవే చూపిస్తుంది నాన్నా. దీని సిస్టం వేరు, ఇందులో అలాంటివి కుదరవు. ఆ టైలరు మావయ్య ఫోనుంది చూడు, దాని సిస్టమైతే నేనూ చెప్పలేను."

"వింటుందని రుజువు చూపిస్తే?"

"ఆ రోజే నీ ఫోను నీ చేతిలో పెడతా."

మేస్త్రి ఆ మాటను మడిచి జేబులో పెట్టుకున్నాడు. బతుకంతా తాళాలతో గడిపినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. తెరుచుకోని తాళం లేదు, మారుచెవి లేని ఇల్లు లేదు. తాళానికే చెవి ఉన్నప్పుడు ఫోనుకు ఉండదా?

వీధి చివర టైలరు కొట్టుకి వెళ్ళాడు. టైలరు ఆయన స్నేహితుడు, అంటే మేస్త్రి తక్కువ అనుమానించే మనిషి. "మీవాడు కొన్న ఫోను సిస్టమే అంత. నాది వినదు" అన్నాడు టైలరు. కొడుకు సరిగ్గా దీన్నే తిరగేసి చెప్పాడు. మేస్త్రి ఇద్దరినీ నమ్మలేదు. ఈ టైలరు ఆ మధ్య ఫోనులో కంటికి కనిపించని నాణేలేవో కొని, వాటిని తెరిచే రహస్యపు మాట మరిచిపోయి, నువ్వు తాళాలవాడివి కదా తియ్యి అని మేస్త్రినే అడిగినవాడు.

సలహా మాత్రం బాగుంది. "నీకు జన్మలో అక్కర్లేనిదేదో దాని ముందు అంటూ ఉండు. అదే బొమ్మ చూపిస్తే దొరికిపోయినట్టే. ఇంట్లో మాత్రం చెప్పకు. మీవాడు కంప్యూటర్ల మనిషి, తెలిస్తే దాని నోరు నొక్కేస్తాడు."

మేస్త్రి దారంతా ఆలోచించాడు. గొడుగు అందామంటే ఉన్నది చిల్లు పడింది. కళ్ళద్దాలు అందామంటే అవీ మార్చాల్సినవే. మనిషన్నాక అక్కర్లేనిది దొరకడం కష్టం. ఇంటి గుమ్మం ఎక్కుతుంటే దొరికింది. పెళ్ళాం.

గది తలుపు వేసుకుని, ఫోనును దిండు మీద పడుకోబెట్టి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. "నాకు పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను. నెమ్మదైన ఆవిడైతే చాలు." పొద్దున చెప్పాడు, సాయంత్రం చెప్పాడు, మర్నాడూ చెప్పాడు. ఫోను ఉలకలేదు, పలకలేదు. మేస్త్రి గొంతు పెంచాడు. "వినపడిందా? పెళ్ళి."

మడతపెట్టిన బట్టలు తెచ్చిన కోడలికి తలుపవతల వినపడింది. బట్టలతోనే వెనక్కి వెళ్ళింది.

"మావయ్యగారు లోపల పెళ్ళి కావాలని చెప్పుకుంటున్నారండీ. గొంతు కూడా బొంగురుపోయింది" అంది భర్తతో.

"ఎవరితో?"

"ఎవరూ లేరు. అదే నాకు బాధగా ఉంది."

కొడుకు వెళ్ళి మేనత్తకు చెప్పాడు. ఆవిడ మేస్త్రికి అక్క, వెనక వీధిలో ఉంటుంది. ఆవిడకు చెప్పడమూ చాటింపు వేయించడమూ ఒకటే. "నోరు తెరిచి మనల్ని అడగలేక గోడలకు చెప్పుకుంటున్నాడన్నమాట, వెర్రి సన్నాసి. వాడితో ఎవరూ ఏమీ అనకండి. అంటే బిగుసుకుపోతాడు. నేను చూసుకుంటా."

ఆ తర్వాత ఇంట్లో మంచితనం మొదలైంది. కోడలు కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగింది. కొడుకు నీలం చొక్కా తెచ్చాడు. అక్క వచ్చి, జుట్టుకు వేసుకోమని రంగు సీసా ఇచ్చి, తల నిమిరి వెళ్ళింది. మేస్త్రి తన పెట్టెకు రెండో తాళం వేశాడు. ముగ్గురు మనుషులు ఉన్నట్టుండి మంచివాళ్ళయితే నాలుగోవాడు జేబు తడుముకోవాలి.

"నాన్నా, ఫోనోసారి ఇవ్వు. కొత్త సిస్టం వచ్చింది, ఎక్కించిస్తా."

"పాత సిస్టానికి ఏమొచ్చింది?"

"ఏం రాలేదు. బానే ఉంది."

"బానే ఉన్నదాన్ని ఎందుకు మారుస్తార్రా?"

కొడుకు ఫోను తీసుకువెళ్ళి, మేస్త్రి భోజనం అయ్యేసరికి తెచ్చిచ్చాడు.

ఆ సాయంత్రమే ఫోను దొరికిపోయింది. పార్కు బెంచీ మీద తల నెరిసిన జంట. కింద పెద్ద అక్షరాలు: మలి వయసులో తోడు కోసం చూస్తున్నారా?

మేస్త్రి చాలాకాలానికి నవ్వాడు. మంచి నవ్వు కాదు. టైలరుకు చూపిస్తే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయితే నాదీ వింటుందేమో మేస్త్రీ" అని, ఆ రోజు నుంచి జనం నడుము కొలతలు గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున, అందరూ ఉండగా రుజువు బయటపెట్టాలని మేస్త్రి హాల్లోకి వచ్చాడు. అందరూ ముందే కూర్చుని ఉన్నారు, అదీ మంచి బట్టల్లో. కుర్చీలో ఒక కొత్తావిడ, ఒళ్ళో సంచి పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"రారా తమ్ముడూ. ఈవిడ నీకోసమే వచ్చారు" అంది అక్క.

మేస్త్రికి అంతా అర్థమైంది. టైలరు నోరు జారాడు. ఓడిపోతానని తెలిసి కొడుకు ఫోను కంపెనీ మనిషిని పిలిపించుకున్నాడు.

"నమస్కారమండీ. మీ గురించి అంతా విన్నాను" అందావిడ.

మేస్త్రి ఎదురుగా కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి వింటున్నారు?"

"ఈ మధ్యనేనండీ."

"నేను తలుపేసుకుని అన్నవి కూడానా?"

"అవీ విన్నాను. వాటితో నాకు పనిలేదు."

"అందరూ సాక్ష్యం" అన్నాడు మేస్త్రి. "తన నోటితో ఒప్పుకుంది. పడకగదిలో మాటలు వినడానికి సిగ్గనిపించలేదా అమ్మా?"

"వినకుండా ఎలా వస్తానండీ? మనిషి ఎలాంటివారో కనుక్కోవద్దూ?"

"ఇంకా ఎంతమందివి వింటున్నారు?"

ఆవిడ ముఖం బిగిసింది. "నేనలాంటిదాన్ని కాదండీ. మీ ఒక్కరి గురించే విన్నాను."

"నా ఒక్కడి మీదే ఎందుకింత పగ?"

అక్క నుదురు కొట్టుకుంది. "ఒరేయ్, సంబంధం మాట్లాడదామని పిలిస్తే పోలీసు ప్రశ్నలేంట్రా?"

"ఎవరికి సంబంధం?"

"నీకే. పెళ్ళి పెళ్ళి అని కలవరించింది ఎవరు?"

మేస్త్రి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు, బెంచీ మీది జంట పైకి కనిపించేలా. "ఇది వింటుందని పట్టుకోడానికి అన్నాను. విన్నది. ఇదిగో రుజువు. నా పాత ఫోను తే."

కొడుకు ఆ బొమ్మ చూసి తల దించుకున్నాడు. "అది వినలేదు నాన్నా. సిస్టం ఎక్కిస్తానని తీసుకుని, సంబంధాల సైట్లో నీ పేరు నేనే పెట్టా. అందుకే చూపిస్తోంది."

"నీకెవరు చెప్పారు?"

కొడుకు భార్య వైపు చూశాడు. కోడలు గోడ వైపు చూసింది. "బట్టలివ్వడానికొస్తే తలుపవతల వినపడింది మావయ్యగారూ."

ఫోను నిర్దోషి. రుజువు పోయింది, దానితో పాత ఫోనూ పోయింది. మేస్త్రి లేవబోయాడు.

"ఒక్క మాట" అంది కుర్చీలో ఆవిడ, కొడుకుతో. "ఫోను వినలేదు, సరే బాబూ. ఆయన గదిలో అనుకున్న మాట తలుపు దాటి, వీధి దాటి నా దాకా వచ్చింది. పాపం ఆ ఫోనుకి ఇంత చేతనవుతుందా? ఆయన వస్తువు ఆయనకిచ్చెయ్."

కొడుకు లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు.

"మరి మన సంగతి" అంది అక్క ఆశగా.

"మీరు పెళ్ళి మాట ఎత్తారు" అందావిడ. " నేను మాత్రం 'తాళాల మేస్త్రి' అన్న మాట విని వచ్చాను. మా బీరువా తాళం పట్టేసింది. నమ్మకంగా తీసేవాడు ఒక్కడూ దొరకలేదు. లోపల నా మంచి శాలువా ఉంది."

మేస్త్రి ఆవిడను మొదటిసారి సరిగా చూశాడు. ఎవరినీ నమ్మని మనిషి. పనికొచ్చే మనిషే.

బొత్తాల ఫోనుకు కాసేపు కరెంటు పెట్టాక వెలిగింది. ఆవిడ తన నంబరు చెప్పింది. కొడుకు తప్పు దిద్దుకునే తొందరలో ఉన్నాడు. "రెండులో పెట్టేస్తా నాన్నా, ఒక్క బొత్తాంతో వెళ్తుంది."

మేస్త్రి వాడి చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "రెండు ఖాళీ లేదు" అన్నాడు. మూడులో పెట్టుకున్నాడు.

ఆవిడ బీరువా తాళం తెరుచుకుంది, శాలువా దొరికింది. అద్దం పలక మేస్త్రి పెట్టెలో, పాత తాళంచెవుల డబ్బాలో పడుకుంది. అసలేం జరిగిందని టైలరు గుసగుసగా అడిగితే, ఆ ఊసు నా ముందు ఇంకెప్పుడూ తేవద్దన్నాడు మేస్త్రి. తనూ మళ్ళీ ఎత్తలేదు. తలుపేసుకుని కూడా.